ఎవరి రాయి వాళ్ళదే

నంద్యాల,
6-2-1955.

ఈ దినం పని: నీళ్ళు ఇరవై ఎనిమిది కడవలు. జొన్నలు విసిరింది నాలుగు శేర్లు. వడ్లు దంచింది ఆరు శేర్లు. బట్టలు రెండు మూటలు. వంట రెండు పూటలు, తొమ్మిది మందికి. పేడ ఎత్తడం, అలకడం సరే సరి. దీపం పెట్టి ఇప్పుడు కూర్చున్నాను.

అనసూయకు వదిన దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాము. నీ కూతురు కృష్ణమ్మ కూడా బాగుంది. నా ఇంటికి కోడలై వచ్చి రెండేండ్లు కావస్తున్నా దాన్ని గురించి వంక చెప్పే పని నాకు పడలేదు. ఈ జాబు మెచ్చుకోవడానికే రాస్తున్నాను.

మీ అన్న రైటరుగా ఉన్న క్లబ్బులో గోల్ఫు ఆట ఉందని నీకు తెలుసు. కాలవ పనికి వచ్చిన దొర ఎవరో ఆ చౌడు నేలలో మొదలుపెట్టి పోయినాడు. కర్రతో చిన్న బంతిని కొట్టుకుంటూ తొమ్మిది గుంతలు తిరగాల. ఒక్కో గుంతకు మొదటి దెబ్బ కొట్టే చోట మూడు రాళ్ళు పాతి రంగు వేసినారు. తెల్లరాయి అన్నిటికంటే దూరం. పసుపురాయి నడుమ. ఎర్రరాయి దగ్గర. ఇన్నాళ్ళూ మొగోళ్ళు తెల్లరాయి కాడ, ముసలోళ్ళు పసుపురాయి కాడ, ఎప్పుడన్నా వచ్చే డాక్టరు భార్య ఎర్రరాయి కాడ నిలబడాలని కట్టడి ఉండేది. ముసలోళ్ళకు రోషమొచ్చి రావడం మానేసినారంట. అందుకని సంక్రాంతి నుంచి కొత్త పద్ధతి పెట్టినారు. ఎవరి రాయి వాళ్ళే ఎంచుకోవచ్చు. గుంత గుంతకూ మార్చుకోవచ్చు. కొట్టే ముందు మాత్రం ఫలానా రాయి అని పైకి చెప్పాల. మీ అన్న పుస్తకంలో రాసుకుంటాడు.

ఇది నాకు చాలా నచ్చింది. మా అత్త నన్ను ఎప్పుడైనా "ఏది చేస్తావు?" అని అడిగిందా? చెయ్యి అనేది, చేసేదాన్ని. నా కోడండ్లకు ఆ గతి వద్దనుకున్నాను. ఇంటి పనిని తొమ్మిది భాగాలు చేసినాను. ఒక్కో దానికి మూడు రాళ్ళు. నీళ్ళే తీసుకో. తెల్లరాయి అంటే వీధి చివరి బావి నుంచి ఇరవై కడవలు. పసుపురాయి అంటే పెరటి బావిలో చేది తొట్టి నింపడం. ఎర్రరాయి అంటే తాగే నీళ్ళు వడగట్టి కుండల్లో పోయడం. ప్రతి పని ముందూ ఎవరికి ఏది కావాలో వాళ్ళే అందరి ముందర చెప్పాల. నేను రాసుకుంటాను. మిగిలింది నేను చేస్తాను. బలవంతం లేదు.

పెద్దకోడలు సరస్వతి ఏమనిందో తెలుసా? "నాకు ఎర్రరాయి అత్తా. రేపటికీ ఎల్లుండికీ గూడా ఇప్పుడే రాసేసుకో, మళ్ళీ మళ్ళీ అడిగే శ్రమ నీకెందుకు?" సిగ్గు లేదు. కృష్ణమ్మ మాత్రం తొమ్మిదింటికీ తొమ్మిది సార్లు "తెల్లరాయి" అనింది. నా తమ్ముని రక్తం కదా. పుస్తకం చూస్తే కడుపు నిండింది.

ఇట్లు,
నీ వదిన కమలాక్షమ్మ.


ఆళ్ళగడ్డ,
14-2-1955.

వదినకు అనసూయ నమస్కారాలు. నీ జాబు మీ తమ్ముడు అరుగు మీద నలుగురినీ కూర్చోబెట్టి చదివినాడు. మూడు రాళ్ళ సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. "తొమ్మిదికి తొమ్మిది తెల్లరాయే! ఎవురనుకుంటాండారు, నా కూతురు!" అని మీసం దువ్వుకుంటాండాడు. పక్కింటి మణెమ్మత్త, "రాళ్ళు లేకుండా గూడా మేమంతా తెల్లరాయి పనే చేస్తిమి, మమ్మల్ని ఎవురూ పుస్తకంలో ఎక్కీలేదు" అని మూతి తిప్పింది.

వాళ్ళ నాయన సంతోషపడినాడని కృష్ణమ్మకు చెప్పు వదినా. తెల్లరాయి వదలొద్దని చెప్పమన్నాడు. మన ఇంటి పేరు దాని చేతిలో ఉండాది. ఇక్కడ శనగ బాగా వచ్చింది. గేదె ఈనింది, దూడ దక్కలేదు.

అనసూయ.


నంద్యాల,
10-4-1955.

మార్చి నెల మొత్తం: తెల్లరాయి, కృష్ణమ్మ రెండు వందల యాభై రెండు, సరస్వతి సున్న. ఎర్రరాయి, సరస్వతి రెండు వందల డెబ్బై తొమ్మిది, కృష్ణమ్మ సున్న. కృష్ణమ్మ బయట చేరిన మూడు నాళ్ళు కూడా చేస్తానంటే నేనే ఒప్పుకోక కొట్టివేసినాను. నా లెక్కలో దొంగతనం ఉండదు.

అనసూయా, తమ్ముడు చెప్పమన్న మాట చెప్పినాను. పిల్ల మొహం చూడాల్సింది! ఆ దినం నుంచి "తెల్లరాయి" అని చెప్పే గొంతే మారింది.

సరస్వతి నోరు మాత్రం ఊరుకోదు. మొన్న కడవలు మోసుకొస్తూ కృష్ణమ్మ గుమ్మం కాడ ఆగి రొప్పుతాంటే, ఇది చాటలో బియ్యం ఏరుకుంటా, "ఏమే, తెల్లరాయి తల్లీ, పుస్తకం నిండినాంక నీకేమి కిరీటం పెడతారంట? నడుము పట్టుకుంటే పసుపురాయి కాడికి దిగు, ఎవురూ కొట్టరు" అనింది. నేను కేకలేసినాను. క్లబ్బులో ఒక నియమం ఉంది. ఆడేవాడు రాయి ఎంచుకునేటప్పుడు పక్కనున్నోళ్ళు సలహా చెప్పగూడదు. చెబితే చెప్పినోడికీ విన్నోడికీ తప్పు పడుతుంది. ఇంట్లో కూడా అదే నియమం పెట్టినాను. "అట్లయితే వాళ్ళ నాయన తెల్లరాయి వదలొద్దన్నాడని నువ్వు చెప్తివే, అదేంది?" అని ఎదురు అడిగింది. అది సలహా కాదు, మెచ్చుకోలు. ఆ మాత్రం తేడా తెలియదు దానికి.

ఇంకో మాట. కృష్ణమ్మకు నెల తప్పింది. వారం దాటిపోయింది. ఇంకా ఎవరికీ చెప్పొద్దు.

వదిన.


ఆళ్ళగడ్డ,
2-5-1955.

వదినా, నీ నోట్లో చక్కెర పొయ్య. మూడు వారాలు ఓర్చుకున్నా, ఇంక ఓర్చుకోలేక ఈ దినం మీ తమ్మునికి చెప్పినా. ఆయప్ప ఎద్దులకు గూడా బెల్లం పెట్టినాడు.

వదినా, ఒక్క మాట. ఇంక రాళ్ళ ఆట కృష్ణమ్మకు వద్దు. ఎర్రరాయి తీసుకోమని చెప్పు. అది నాలాంటిదే, ఒంట్లో బాగలేదని నోరు తెరిచి చెప్పదు. నాకు దాని ముందర రెండు పోయినాయని నీకు తెలియనిది కాదు. రెండూ నీళ్ళు మోసేటప్పుడే. చెప్పినా అది సిగ్గుపడి వినకపోవచ్చని చిన్న చీటీ రాసి ఇందులో మడిచి పెట్టినా. దాని చేతికి ఇయ్యి. నా చేతిరాత చూస్తే వింటాది.

మామిడికాయలు పండినాంక పంపిస్తా.

అనసూయ.


నంద్యాల,
12-5-1955.

అనసూయకు. నీ జాబు అందింది. మామిడికాయలు పచ్చివే పంపు, ఊరగాయకు.

ఎర్రరాయి తీసుకోమని చెప్పమన్నావు. నేను చెప్పలేను. చెబితే అది ఎంచుకోవడం కాదు, నేను నెట్టినట్టు. ఎర్రరాయి ఎక్కడికీ పోలేదు, పాతినచోటే ఉంది. రోజుకు తొమ్మిదిసార్లు అడుగుతున్నాను. "ఎర్రరాయి" అనే మాటకు నాలుగే అక్షరాలు. అనాలనుకుంటే అనదా? నా కడుపులో పెద్దోడు ఉన్నప్పుడు నన్ను ఒక్కసారైనా ఎవరూ అడగలేదు.

క్లబ్బులో గొడవైంది. అరవై మూడేండ్ల వకీలు ఒకాయన, ఉబ్బసం మనిషి. ఆరు గుంతలు వరసగా తెల్లరాయి కాడే నిలబడి కొట్టి, ఏడో గుంత కాడ కూలిపోయినాడు. మాలి లాల్ సాహెబ్ మోసుకొచ్చినాడంట. బతికినాడులే. ఎర్రరాయి ఎందుకు తీసుకోలేదయ్యా అంటే, "మీరు రాస్తాంటిరి కదప్పా" అన్నాడంట. దాంతో మీ అన్న పుస్తకం మూసేసినాడు. ఇప్పుడు ఎవరూ పైకి చెప్పేది లేదు, రాసేది లేదు. సగం మంది నవ్వుకుంటా ఎర్రరాయి కాడనే నిలబడుతున్నారంట, ఇంజనీరుతో సహా. ఆట చెడిపోయింది.

ఇంటికొచ్చి నాతో, "ఏమే, తప్పు రాళ్ళలో లేదు, పుస్తకంలో ఉండాది. నీది గూడా మూసెయ్" అన్నాడు. "మీ క్లబ్బు మీది, నా ఇల్లు నాది" అన్నాను. అన్నం తినకుండా లేచిపోయినాడు. రెండో పూట తిన్నాడు.

వదిన.


ఆళ్ళగడ్డ,
21-6-1955.

వదినా, మామిడికాయలు అందినట్టు రాయకపోతివి. కృష్ణమ్మ కాడ్నుంచి గూడా ఒక్క ముక్క లేదు. నా చీటీ చూసి నవ్వుకుందా, విసుక్కుందా? ఏదో ఒకటి రాయమను.

మీ తమ్ముడు విత్తనాలకు నంద్యాల వచ్చి మీ ఇంట్లో ఒక పూట ఉండి పోయినాడు కదా. వచ్చి నాతో ఏమన్నాడో విను. "బిడ్డ బాగుంది. కడవ దించి నవ్వింది. సెబాసమ్మా అన్నా" అన్నాడు. నాలుగో నెల కడుపుతో బిడ్డ కడవ మోస్తాంటే సెబాసంటాడా మనిషి! గ్రహణం పూట ఇంట్లో పోట్లాట వద్దని నోరు మూసుకున్నా. ఆయప్పకు తెలీదు, నీకు తెలుసు. చీటీ ఇచ్చినావా లేదా, ఆ ఒక్కటి రాయి. కార్డు ముక్క చాలు.

అనసూయ.


నంద్యాల,
3-7-1955.

జూన్ 27, పని: నీళ్ళు పద్దెనిమిది కడవలు. అంతే. మిగిలిన ఎనిమిది పనులూ ఆ దినం జరగలేదు.

అనసూయకు. తమ్ముడికి తంతి ఇచ్చినాము, వచ్చి చూసినాడు, నీకు చెప్పే ఉంటాడు. అయినా జరిగింది జరిగినట్టు రాయడం నా ధర్మం.

ఆ పొద్దున ఎప్పటిలాగే అడిగినాను. సరస్వతి ఎర్రరాయి అనింది. కృష్ణమ్మ కాసేపు గోడ పట్టుకొని నిలబడింది. నేను కలం పట్టుకొని కాచుకున్నాను. తొందర పెట్టలేదు. తెల్లరాయి అనింది. పందొమ్మిదో కడవ మెట్టు మీద పగిలింది. మంత్రసాని హుస్సేన్‌బీని పిలిపించినాము. మధ్యాహ్నానికి పోయింది. మగబిడ్డ. డాక్టరు వచ్చి, రక్తం బాగా పోయింది గానీ ప్రాణానికి భయం లేదు అన్నాడు.

నేను చేయవలసినవన్నీ చేసినాను. గ్రహణం నాడు దాన్ని గడప దాటనియ్యలేదు. గదిలో పడుకోబెట్టి, కత్తి, సూది దాచిపెట్టి, గొళ్ళెం పెట్టి, విడుపు దాకా వాకిట్లో నేనే కూర్చున్నాను. అంత జాగ్రత్త చేసిన మనిషిని. ఎవరూ నన్ను మాట అనడానికి లేదు. పుస్తకంలో ఏ తేదీకి ఆ తేదీ దాని నోటి మాటే ఉంది.

నువ్వు మే నెలలో పంపిన చీటీ దీంతో పాటు తిప్పి పంపుతున్నాను. ఆట నడిచేటప్పుడు సలహా అందియ్యడం తప్పు గనక దాచిపెట్టినాను. మడత విప్పలేదు, చూసుకో.

మామిడికాయలు అందినాయి. నలభై రెండు. మూడు మెత్తబడినాయి.

వదిన.


ఆళ్ళగడ్డ,
24-7-1955.

వదినా,

మీ తమ్ముడు బిడ్డను బండిలో పడుకోబెట్టుకొని తెచ్చినాడు. నువ్వు గడప దాకా వచ్చి దానికి బొట్టు పెట్టినావంట. పుస్తకంలో రాసుకున్నావా?

చీటీ అందింది. మడత విప్పలేదని రాసినావు. నిజమే, విప్పలేదు. అందులో ఏముందో నేను చెప్తా విను. "అమ్మా కృష్ణమ్మా, ఎర్రరాయి అంటే నాయన ఏమీ అనుకోడు. నేను చెప్తాండా. అను." అంతే. దీన్ని నువ్వు ఊరగాయ జాడీ మాదిరి ఏడు వారాలు దాచినావు.

గ్రహణం నాడు గొళ్ళెం పెట్టిన చెయ్యి నీకు ఉండాది కదా వదినా. ఆ దినం "ఏమ్మా, బయట ఉంటావా లోపల ఉంటావా, నువ్వే ఎంచుకో" అని అడగలేదే? వారం తిరక్కుండా ఆ చెయ్యికి ఏమొచ్చింది? కలం పట్టుకున్నందుకు గొళ్ళెం పట్టుకోలేకపోయిందా?

నా తప్పు గూడా ఉండాది. తెల్లరాయి వదలొద్దని మొదట రాసింది నేనే. ఆ మాట నువ్వు దాచిపెట్టకుండా ఆ పొద్దే అందిస్తివి.

ఇక్కడ బిడ్డ ఎట్లుందో చెప్తా. తెల్లారకముందే లేచి బావి కాడికి పోతాది. అడ్డం పోతే, ఎవురూ అడక్కపోయినా "తెల్లరాయి" అంటాది. వాకిట్లో నిలబడి, గోడతో చెప్పినట్టు. "ఈడ ఎవురూ రాయడం లేదమ్మా" అంటే, "అత్త కనుక్కుంటాది" అంటాది. ఇంట్లో కడవలన్నీ అటక మీద పెట్టించినా. నీళ్ళు పనిమనిషి లింగమ్మ తెచ్చి పోస్తాంది.

వాళ్ళ నాయన అరుగు మీద కూర్చోవడం మానేసినాడు.

అనసూయ.


నంద్యాల,
4-9-1955.

ఈ దినం పని: నీళ్ళు పదహారు కడవలు, నేనే. దంచింది రెండు శేర్లు, నేనే. బట్టలు ఒక మూట, నేనే. వంట ముగ్గురికి.

అనసూయకు. పెద్దోడికి కర్నూలు ఆఫీసులో పని దొరికి కాపురం మార్చినాడు. సరస్వతి పోతూ పోతూ నా కాళ్ళకు మొక్కి, "అత్తా, నువ్వూ ఎర్రరాయికి దిగు, ఈ వయసులో నిన్ను ఎవురు చూడొచ్చినారు?" అనింది.

నువ్వు రాసిన జాబు నాలుగుసార్లు చదివినాను. పెద్దదాన్ని, అన్ని మాటలు పడవలసిన మనిషిని కాను. అయినా పడినాను. ఇప్పుడు నా మాట విను. దసరా ముందు మంచిరోజు ఉంది. మా చిన్నోడు నారాయణను పంపుతాను. కృష్ణమ్మను పంపించు. భర్త ఉన్నచోట భార్య ఉండాల.

అది నీ బిడ్డే గానీ, దాన్ని బతికించింది ఎవరు? 1936లో నువ్వు పురుడు పోసుకొని జ్వరంతో పడితే, వారం దినాల పసిగుడ్డును నేను నంద్యాలకు తెచ్చుకొని పదకొండు నెలలు సాకినాను. మేకపాలు గుడ్డ పీలికతో పట్టినాను. అప్పుడు డాక్టరు దక్కదు అన్నాడు. దక్కించినాను. మా అత్త, "తమ్ముని ఇంటి చావు మన ఇంటికి తెచ్చుకుంటివే" అని రోజూ తిట్టింది, పడినాను. నువ్వు లేచి నడిచినాంక నా చేతులు పట్టుకొని, "వదినా, ఇది నీకు నేను పడిన బాకీ, ఈ జన్మలో తీరదు" అన్నావు. నేను అడగలేదు, నువ్వే అన్నావు. ఆ బాకీ ఇప్పుడు అడుగుతున్నాను. పంపించు.

వదిన.


ఆళ్ళగడ్డ,
2-10-1955.

వదినా,

నారాయణ వచ్చినాడు. మూడు దినాలు ఉండినాడు. పెండ్లాన్ని పోదాం రా అనలేదు, ఉండిపో అనలేదు. "అత్తా, మీరేమంటే అది" అన్నాడు నాతో. నీ ఇంట్లో పుట్టుకతోనే ఎర్రరాయి కాడ నిలబడినోడు వీడొక్కడే. నువ్వు వాణ్ణి ఏనాడూ రాసుకోలేదు.

నువ్వు 1936 గురించి రాసినావు. నిజం. నేను మరిచిపోయే రకం కాదు. నీ జాబు చదివి రెండు దినాలు ఏమీ తోచలేదు. సరే, వదిన పద్ధతే నేనూ చేద్దామనుకున్నా. కృష్ణమ్మను కూర్చోబెట్టి, "అమ్మా, పోతావా, ఉంటావా, నీ ఇష్టం" అని అడిగినా. సలహా చెప్పలేదు. నారాయణ ఒక పక్క, వాళ్ళ నాయన ఒక పక్క.

అది మా ముగ్గురి మొహాలూ చూసింది. "పోతానమ్మా. పోకుంటే అత్త ఏమనుకుంటాది?" అనింది. లేచి పెట్టె సర్దుకునె. పెట్టె ఎత్తలేకపోయింది, అయినా ఎవురినీ పట్టనియ్యలే.

అప్పుడు తెలిసింది వదినా నాకు. దానికి ఎంచుకోవడం రాదు. ఏది కష్టమైతే అదే దాని నోట్లో వస్తాది. అట్లాంటి బిడ్డను ఎంచుకోమనడం, ఈత రానోళ్ళను కాలవ గట్టున నిలబెట్టి నీ ఇష్టమనడం ఒకటే. నేను గూడా ఆ పాపం ఒక్కసారి చేసినా. రెండోసారి చెయ్య.

పెట్టె లాక్కొని బట్టలన్నీ దులిపి దండెం మీద ఏసినా. అది ఏడ్చింది, నన్ను కొట్టింది గూడా. లోపల పెట్టి గొళ్ళెం పెట్టినా. నారాయణకు అన్నం పెట్టి బస్సెక్కించినా. పంపించను. అది అడిగినా పంపించను. బాకీ అంటావా, నాకు తీర్చే శక్తి లేదు. ఎట్లా రాసుకుంటావో రాసుకో.

అనసూయ.


నంద్యాల,
23-10-1955.

ఈ దినం పని: నీళ్ళు ఆరు కడవలు, పెరటి బావివి. దంచడం లేదు. బట్టలు లేవు. వంట ఒక పూట.

అనసూయకు. నారాయణ వచ్చి చెప్పినాడు. మీ అన్న విని, "మంచి పని చేసింది" అన్నాడు.

ఈ మధ్య పొద్దున లేచి పుస్తకం తెరిచి కూర్చుంటాను. అడగడానికి ఎవరూ లేరు. మొన్న పాతవి తిరగేసి చూసినాను. జనవరి నుంచి జూన్ 27 దాకా, కృష్ణమ్మ పేరు కింద ఎర్రరాయి ఒక్కటి కూడా లేదు. ఒక మనిషి అన్ని దినాల్లో ఒక్కసారైనా అలసిపోతుంది కదా. లెక్కలో ఎక్కడో తప్పు ఉండాలని మూడుసార్లు కూడినాను. లెక్క సరిగ్గానే ఉంది.

జూన్ 27న అది గోడ పట్టుకొని నిలబడినప్పుడు నా మొహం చూసింది. నేను ఇంతకుముందు రాసినప్పుడు ఆ మాట రాయలేదు. నేను తల అడ్డంగా తిప్పి ఉంటే ఎర్రరాయి అనేది. అది నాకు ఆ పొద్దునే తెలుసు. తిప్పలేదు. సాయంత్రానికి నెల మొత్తం రెండు వందల నలభై మూడు అవుతుందని చూస్తున్నాను.

కృష్ణమ్మను పంపొద్దు. నేను మళ్ళీ అడిగినా పంపొద్దు. నారాయణ పద్ధతిగా వచ్చి ఉంటానంటే, వాడికి అక్కడ ఏదన్నా పని చూపించు. వాణ్ణి కూడా అడగొద్దు, చెప్పు.

ఎట్లా రాసుకుంటావో రాసుకో అన్నావు. రాసుకున్నాను. నీకూ ఒక నకలు ఉండాలని ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

1936, అనసూయ బిడ్డ: నా చేతిలో బతికింది, ఒకటి.
1955 ఆషాఢం, అనసూయ బిడ్డ బిడ్డ: నా చేతిలో పోయింది, ఒకటి.
చెల్లు.

కమలాక్షమ్మ.